ప్రయాణ కాలం: మైనస్ ఏడు గంటల పది నిమిషాలు

మజ్జి పైడితల్లి కెనడా నుంచి తిరిగొచ్చిన మర్నాడే డ్యూటీలో చేరింది. ఒళ్ళింకా ఏ దేశంలో ఉందో తేలలేదు. అయినా టూరు ముగించిన ఉద్యోగి మూడు పనిదినాల్లోగా ప్రయాణ వివరాల ఫారం ఇచ్చి తీరాలన్నది చిరుధాన్య విత్తనాభివృద్ధి సంస్థలో పాత నియమం. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఆవిడ ఏ ఫారమూ ఆలస్యంగా ఇచ్చింది లేదు.

పైడితల్లిది చోళ్ళ మీద పరిశోధన. మిగతా ఆంధ్రదేశం రాగులనే గింజల్ని ఉత్తరాంధ్రలో చోళ్ళంటారు. ఎనభై అయిదు రోజుల్లో కోతకొచ్చి, గాలివానకు పడుకోకుండా నిలబడే రకాన్ని ఆవిడ ఏడేళ్ళు చెమటోడ్చి తయారుచేసింది. రికార్డుల్లో దాని పేరు సంస్థ-17. మూడేళ్ళు తమ పొలాల్లో వేసి చూసిన కొండమీది రైతులు మాత్రం దాన్ని 'పైడి చోడి' అన్నారు. అది ప్రపంచానికి ఉన్నట్టుండి చిరుధాన్యాల మీద ప్రేమ పుట్టుకొచ్చిన కాలం. జీవితంలో అంబలి తాగని పెద్దమనుషులు కూడా సభల్లో అంబలి గురించి కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు. ఆ ఊపులోనే వాంకూవర్‌లో ఒక సదస్సు పెట్టి పైడితల్లిని పిలిచారు. ఆవిడ వెళ్ళింది, రెండు రోజులు మాట్లాడింది, చలికి వణికింది, వచ్చేసింది.

ఫారంలో నాలుగు గళ్ళున్నాయి. బయల్దేరిన సమయం, చేరిన సమయం, ప్రయాణ కాలం, దూరం. టోక్యో దాకా రాయడానికి ఏ ఇబ్బందీ లేకపోయింది. ఆ తర్వాతి వరసలో కూడా ఆవిడ ఉన్నది ఉన్నట్టే రాసింది. టోక్యోలో బయల్దేరింది శనివారం సాయంత్రం ఆరు గంటలకు. వాంకూవర్‌లో దిగింది శనివారం ఉదయం పది గంటల యాభై నిమిషాలకు. ప్రయాణ కాలం ఎనిమిది గంటల యాభై నిమిషాలు. దూరం ఏడువేల అయిదువందల కిలోమీటర్లు.

మధ్యాహ్నానికి సూపరింటెండెంట్ ఆకెళ్ళ లక్ష్మీపతి ఆ ఫారం పట్టుకుని స్వయంగా ఆవిడ గదికి వచ్చాడు. లక్ష్మీపతి మంచివాడే. ముప్పై నాలుగేళ్ళలో ఎవరి ఫైలునీ కక్షగట్టి ఆపలేదు. కాకపోతే ఏ ఫైలూ ఆగకుండా ఆయన్ని దాటి పోయిందీ లేదు.

"మేడమ్, చిన్న పొరపాటు దొర్లింది. చేరిన సమయంలోంచి బయల్దేరిన సమయం తీసేస్తే ప్రయాణ కాలం రావాలి. పది యాభైలోంచి పద్దెనిమిది గంటలు తీసేస్తే మైనస్ ఏడు గంటల పది నిమిషాలు. తమరు ప్లస్ ఎనిమిది యాభై వేశారు."

"మధ్యలో తారీఖు రేఖ దాటాం కదండీ. పసిఫిక్ సముద్రంలో ఉంటుంది. తూర్పుకు పోతూ అది దాటితే తేదీ ఒకరోజు వెనక్కి పోతుంది."

లక్ష్మీపతి జేబులోంచి పెన్ను తీశాడు. "ఆ రేఖ దగ్గర చెక్‌పోస్టు ఉందా?"

"లేదండీ."

"దాటినట్టు ముద్రేమైనా వేశారా?"

"గీత నిజంగా ఉండదండీ. అందరూ ఉందనుకుంటారు."

"అనుకోవడానికి మన ఫారంలో గడి లేదు మేడమ్," అన్నాడాయన నిజంగానే బాధపడుతూ. "పోనీ, మైనస్ వేద్దామంటే ఆ గడిలో మైనస్ గుర్తు వెయ్యరాదని అడుగున షరా ఉంది. అసలు సాయంత్రం బయల్దేరిన మనిషి అదే రోజు పొద్దున్నే ఎలా చేరుకుంటారు? రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?"

"భూమి గుండ్రంగా ఉందని చెప్పండి."

"అది సైన్సు పుస్తకాల్లో ఉంది మేడమ్. మన నియమావళిలో లేదు."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. అక్కడ గోడకు యాభై ఏళ్ళనాటి ప్రపంచ పటం చెక్క ఫ్రేములో వేలాడుతోంది. సంస్థలో దూరాలకు సంబంధించి అధికారికమైన వస్తువు అదొక్కటే. పటంలో కుడి చివర జపాన్, ఎడమ చివర కెనడా ఉన్నాయి. లక్ష్మీపతి ఫైలు ట్యాగులు ముడేసి ఒక తాడు తయారుచేశాడు. టోక్యో దగ్గర ఒక కొస బొటనవేలితో నొక్కిపెట్టి, చైనా మీదుగా, రష్యా మీదుగా, ఐరోపా మీదుగా, అట్లాంటిక్ దాటించి రెండో కొస వాంకూవర్‌కు తీసుకుపోయాడు. స్టూలు రెండుసార్లు జరపాల్సి వచ్చింది.

"దాదాపు ఇరవై తొమ్మిది వేల కిలోమీటర్లు! తమరు ఏడున్నర వేలే వేశారు."

"మేం అటు వెళ్ళలేదండీ. జపాన్ నుంచి ఇటు, కుడివైపుకు వెళ్ళాం."

లక్ష్మీపతి జపాన్‌కు కుడివైపు చూశాడు. జానెడు నీలం రంగు, తర్వాత చెక్క ఫ్రేము, తర్వాత గోడ, ఆ తర్వాత స్విచ్చిబోర్డు.

"ఇటు పటం అయిపోయింది మేడమ్."

"ఇక్కడ అయిపోయిందే అక్కడ మొదలవుతుందండీ."

ఆయన తాడు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఫారం వెనక్కి తిప్పి గుండ్రటి అక్షరాలతో ఇలా రాసుకున్నాడు: 'ఉద్యోగిని పటం కుడి అంచు దాటి వెలుపలికి వెళ్ళి, ఎడమ అంచు గుండా తిరిగి లోనికి ప్రవేశించినట్లు అంగీకరించినారు.'

"ఇలా వెలుపలికి వెళ్ళడానికి ముందస్తు అనుమతి తీసుకున్నారా మేడమ్?"

పైడితల్లి నవ్వింది. ఆయన నవ్వలేదు. తిరుగు ప్రయాణం వరస మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ సోమవారం రాత్రి వాంకూవర్‌లో ఎక్కారు. బుధవారం తెల్లవారుజామున టోక్యోలో దిగారు. విమానంలో ఉన్నది పది గంటలంటున్నారు. మరి మంగళవారం?"

"రాలేదండీ. ఇటు వచ్చేటప్పుడు ఆ రేఖ దగ్గర ఒకరోజు ముందుకు పోతుంది."

"మాకందరికీ వచ్చిందే!" అన్నాడు లక్ష్మీపతి.

వారం తిరక్కుండా మెమో వచ్చింది.

'విదేశీ పర్యటనలో వుండిన శ్రీమతి మజ్జి పైడితల్లి, శాస్త్రవేత్త, (ఒకటి) తగు అనుమతి లేకనే ప్రపంచ పటము యొక్క పరిధిని అతిక్రమించుట, (రెండు) మంగళవారము నాడు ఏ దేశమునందును, ఏ స్థలమునందును హాజరు కాకపోవుట అను విషయములపై ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

పైడితల్లి బజారుకు వెళ్ళి ఒక గ్లోబు కొంది. సంజాయిషీ రెండు పేజీలు రాసి, గ్లోబు మీద స్కెచ్‌పెన్నుతో విమానం వెళ్ళిన దారి గీసి, రెండూ లక్ష్మీపతి బల్లమీద పెట్టింది. ఆయన గ్లోబును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బోర్లించాడు.

"వివరంగానే ఉంది మేడమ్. కానీ దీన్ని ఫైల్లో ఎలా పెట్టడం? అంచన్నదే లేదు. ట్యాగుకి చిల్లు ఎక్కడ పొడవాలి?"

చిల్లు పొడవడానికి వీల్లేని ఆధారాన్ని ఆధారంగా పరిగణించరు. గ్లోబు వెనక్కి వచ్చేసింది. దాంతోపాటు ఇంకో మెమో కూడా వచ్చింది.

పైడితల్లికి కోపం వచ్చింది. తిన్నగా లక్ష్మీపతి దగ్గరకు వెళ్ళి, "అయ్యా, పోయేటప్పుడు నాకు శనివారం ఎక్కువ వచ్చింది. వచ్చేటప్పుడు మంగళవారం తక్కువ వచ్చింది. దానికీ దీనికీ చెల్లు. ఇంతకంటే ఏం కావాలి?" అంది.

లక్ష్మీపతి ముఖం ఒక్క క్షణం వెలిగింది. వెంటనే క్యాలెండర్ చూశాడు. వెలుగు ఆరిపోయింది.

"అది రెండో శనివారం మేడమ్. సెలవు. సెలవుదినాన్ని పనిదినానికి జమ కట్టకూడదని స్పష్టంగా ఉంది."

అలా ఆ మంగళవారం 'అనధికార గైర్హాజరు' అయింది. విదేశంలో అనధికార గైర్హాజరు అంటే సర్వీసు తెగినట్టేనని ఇంకో నిబంధన ఉంది. సర్వీసు తెగడమంటే మాటలు కాదు. గొలుసులో ఒక లంకె ఊడితే గొలుసంతా ఊడినట్టే. పంతొమ్మిదేళ్ళ సర్వీసు ఆ సోమవారంతో సమాప్తం, బుధవారం నుంచి పైడితల్లి కొత్తగా చేరిన ఉద్యోగిని. ఇంతవరకూ అయితే ఆవిడ పళ్ళు బిగబట్టి ఊరుకునేదే. కానీ కొత్త విత్తనం విడుదల కావాలంటే, మూడేళ్ళ పంట ప్రయోగాల మీద 'నిరంతర సేవలో ఉన్న శాస్త్రవేత్త' ధ్రువీకరణ సంతకం ఉండాలి. నిన్నగాక మొన్న చేరిన మనిషి మూడేళ్ళ క్రితం ఎలా సంతకం పెట్టింది? సంస్థ-17 ఫైలు కదలకుండా ఆగిపోయింది. గోదాములో రెండువందల బస్తాల విత్తనం మూతి కుట్టేసి ఉంది.

మే నెల మూడో వారంలో గొంగడ సోములు ఫోన్ చేశాడు. సోములు కొండమీద మూడెకరాల చోడి రైతు. ప్రయోగాలకు మొదట పొలం ఇచ్చిందీ అతనే, పైడి చోడి అని పేరు పెట్టిందీ అతనే.

"అమ్మా, మబ్బు దిగిపోతంది. మా ఓలందరూ దుక్కులు దున్నేసి కూకున్నారు. ఇత్తనం ఎప్పుడు పంపుతావు?"

"పంపుతాను తాతా. ఇక్కడ చిన్న చిక్కొచ్చింది."

"ఏటా చిక్కు? పురుగు పట్టీసిందా?"

"పురుగు కాదు. మంగళవారం."

"మంగళారం ఇత్తనం ఇవ్వకూడదా? అయితే బుధారం ఇయ్యి," అన్నాడు సోములు. పైడితల్లి ఫోన్ పెట్టేసి గోదాములోకి వెళ్ళి బస్తాల మధ్య కాసేపు నిలబడింది. ఈ ఏడు అదను తప్పితే రైతులు ఇంట్లో ఉన్న పాత గింజలే చల్లుకుంటారు. చెమ్మెక్కే ఈ గోదాములో వచ్చే ఏటికి విత్తనంలో మొలక శక్తి సగం కూడా మిగలదు. ఏడేళ్ళ పని కోళ్ళ దాణా అయిపోతుంది.

అక్కణ్ణించే డైరెక్టరు గదికి వెళ్ళింది. డాక్టర్ పెనుమత్స రంగరాజు కొత్తగా ఆ కుర్చీలోకి వచ్చినవాడు. పొడుగ్గా, ఇస్త్రీ మడతలా ఉంటాడు. ఆయన మామూలుగా మాట్లాడినా ఉపన్యాసంలానే వినిపిస్తుంది.

"అమ్మా పైడితల్లీ, వ్యక్తిగతంగా నాకు మీ పట్ల అపారమైన గౌరవం. అయితే వ్యవస్థ అనేది వ్యక్తులకు అతీతమైనది. ఈరోజు మీరు ఒక మంగళవారాన్ని పోగొట్టుకొచ్చారు. మేము ఉదారంగా వదిలేశామనుకోండి. రేపు ఇంకొకరు ఒక ఏప్రిల్ నెలను పోగొట్టుకొస్తారు. అప్పుడు ఈ సంస్థ కాలగతి ఏమి కావాలి?"

"సార్, అదే విమానంలో మూడువందల మంది ఉన్నారు. వాళ్ళెవరికీ మంగళవారం రాలేదు."

"వారు మన పరిధిలోకి రారు."

"విత్తనం చచ్చిపోతుంది సార్."

రంగరాజు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు. విత్తనం చచ్చిపోతుందంటే ఆయనక్కూడా చివుక్కుమంది. అందుకని తన చేతిలో ఉన్న అతిపెద్ద మేలు చేశాడు. ఒక సంఘం వేశాడు.

దాని పేరు 'కాల దూర సమన్వయ సంఘం'. అధ్యక్షుడు విశ్రాంత ఉన్నతాధికారి శిష్ట్లా వెంకటాచలం. ఆయనకు తోడు ఇద్దరు సభ్యులు. ఆయన తలూపితే వాళ్ళూ తలూపేవాళ్ళు. మొదటి రోజంతా సంఘం వరండాలో పటం ముందు నిలబడి గడిపింది. వెంకటాచలం చేతికర్రతో ఫ్రేముకు కుడివైపు గోడను తట్టి చూశాడు.

"గట్టిగానే ఉంది," అన్నాడు. సభ్యులు తలూపారు. 'పటమునకు తూర్పున గోడ కలదు, ద్వారము లేదు' అని లక్ష్మీపతి రాసుకున్నాడు.

రెండో రోజు పైడితల్లి విచారణకు వచ్చింది. సదస్సులో ఇచ్చిన సంచిలో ఒక పటం ఉందని గుర్తొచ్చి అది పట్టుకొచ్చింది. అది జపాన్‌లో అచ్చయింది. పసిఫిక్ సముద్రం నట్టనడుమ ఉంటుంది. అందులో టోక్యో, వాంకూవర్ సముద్రానికి చెరో ఒడ్డున ఎదురిళ్ళలా ఉన్నాయి.

"చూడండి సార్, ఇది పటమే. దీనికి అంచులున్నాయి. చిల్లు పొడవచ్చు. విమానం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వెళ్ళింది. అంతే."

వెంకటాచలం పటం మీదకు వంగి చాలాసేపు వెతికాడు. "మనం ఎక్కడున్నాం?"

పైడితల్లి ఎడమ పక్కన చూపించింది.

ఆయన ముఖం గంభీరమైపోయింది. "అమ్మా, వరండాలోని పటంలో మన దేశం ఇంచుమించు నట్టనడుమ ఉంది. ఈ పటాన్ని అంగీకరిస్తే మనం గోడవారకు పోతాం. ఒక ఉద్యోగిని ప్రయాణం కోసం మన సంస్థను ఇంత దూరం జరపడం సమంజసమా?"

సభ్యులు ఈసారి తల అడ్డంగా ఊపారు.

"సరే. ఆ మంగళవారం తమరు ఏం చేశారో చెప్పండి."

"ఆ రోజు నాకు లేదు సార్."

"లేని రోజున ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు సార్."

"అంటే విధులు నిర్వర్తించలేదన్నమాట. రాసుకోండి లక్ష్మీపతీ."

విమాన సంస్థకు కూడా లేఖ వెళ్ళింది. 'తమ విమానమునందు ప్రయాణికులు పోగొట్టుకొనిన మంగళవారము దొరికినచో మాకు అప్పగించవలెను.' పదో రోజున మర్యాదగా జవాబు వచ్చింది. విమానంలో మరిచిపోయిన వస్తువుల జాబితాలో ఒక గొడుగు, పిల్లల చెప్పు ఒకటి, కట్టుడు పళ్ళ సెట్టు ఉన్నాయని, మంగళవారం లేదని, అసౌకర్యానికి చింతిస్తున్నామని అందులో ఉంది. జవాబు ఫైల్లో చేరింది. గొడుగు ఎవరిదో తెలుసుకోమని వెంకటాచలం పక్కన షరా రాశాడు.

సోములు రోజు విడిచి రోజు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "ఒక్క వాన పడిపోనాదమ్మా" అన్నాడు ఒకసారి. "రెండోది కూడా" అన్నాడు ఇంకోసారి.

జూన్ మొదటి సోమవారం సంఘం నివేదిక వచ్చింది. నూట నలభై రెండు పేజీలు. వెంకటాచలం చివరి పేజీ డైరెక్టరు గదిలో అందరి ముందూ లేచి నిలబడి చదివాడు.

"ఒకే సంస్థలో పనిచేయు ఉద్యోగులందరికీ ఒకే క్యాలెండరు వర్తించవలెను. అందరికీ వుండి ఒకరికి మంగళవారము లేకపోవుట సమానత్వ సూత్రమునకు విరుద్ధము. ఇందుకు రెండు మార్గములు కలవు. సదరు ఉద్యోగినికి నూతనముగా ఒక మంగళవారమును మంజూరు చేయుట. అయితే నూతన దినమును సృష్టించుటకు పై కార్యాలయముల అనుమతి అవసరము. అందుకు ఏండ్లు పట్టును. లేదా, ఉన్న మంగళవారమును అందరికీ రద్దు చేయుట. ఇందుకు డైరెక్టరు గారి సంతకము చాలును."

రంగరాజు కళ్ళు చెమర్చాయి. "అద్భుతం! ఎవరికీ నష్టం లేదు, ఎవరిపైనా భారం లేదు," అంటూ అక్కడికక్కడే ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఏప్రిల్ నెలలోని ఆ మంగళవారం సంస్థ పరిధిలో జరగనట్టుగా పరిగణించబడుతుంది. పైడితల్లికి కూడా పోయిన ప్రాణం లేచొచ్చింది. లేని రోజుకు గైర్హాజరు ఏమిటి? పంతొమ్మిదేళ్ళూ అతుక్కున్నాయి. "రేపు విత్తనం ఫైలు పెట్టండి, సంతకం చేసేస్తాను," అన్నాడు రంగరాజు.

ఆ రేపు రాలేదు.

మర్నాడు పొద్దున్నే టైపిస్టు అప్పలనర్సమ్మ దరఖాస్తు పట్టుకొచ్చింది. ఆ మంగళవారం తను క్యాజువల్ లీవు పెట్టింది. రోజే లేనప్పుడు లీవెందుకు ఖర్చవుతుంది, తన లీవు తనకిచ్చెయ్యమంది. న్యాయంగానే ఉందని ఇచ్చేశారు. పదింటికి పోలీసు స్టేషన్ నుంచి కబురు వచ్చింది. ఆ మంగళవారం సంస్థ పొలంలో మోటారు పంపు ఎత్తుకుపోతూ దొరికినవాడు, జరగని రోజున దొంగతనం ఎలా జరుగుతుందని వకీలు చేత రాయించి పంపాడు. పంపు కూడా అడుగుతున్నాడట. పదకొండింటికి లక్ష్మీపతి హాజరు పట్టీ తెరిచాడు. లేని రోజు గడిలో అరవై రెండు సంతకాలున్నాయి. లేని తేదీన సంతకం పెట్టడమంటే తప్పుడు రికార్డు సృష్టించడమే. అందులో రెండో సంతకం ఆయనదే. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి లక్ష్మీపతి తెరిచిన పట్టీని వెంటనే మూసేశాడు. అయినా నియమం నియమమే గనక, తనతో సహా అరవై రెండు మందికీ మెమోలు తయారుచేసి, సంతకానికి డైరెక్టరు గదికి బయల్దేరాడు.

గుమ్మంలో ఆగిపోయాడు. ఏదో గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి ఇంకో రిజిస్టరు తీశాడు. డాక్టర్ పెనుమత్స రంగరాజు డైరెక్టరుగా చార్జి తీసుకున్నది సరిగ్గా ఆ మంగళవారమే.

మధ్యాహ్నం అందరూ ఆ గదిలో చేరారు. మాట్లాడే ధైర్యం లక్ష్మీపతికే ఉంది.

"సార్, మంగళవారం లేదు గనక తమరు చార్జి తీసుకోలేదు. చార్జి తీసుకోలేదు గనక తమరు డైరెక్టరు కాదు."

"కాకపోతే మంగళవారాన్ని రద్దు చేసిన నా ఉత్తర్వు చెల్లదు కదా!" అన్నాడు రంగరాజు, దొరికిన కొమ్మ పట్టుకుంటున్నవాడిలా.

"చెల్లదు సార్. అప్పుడు మంగళవారం ఉన్నట్టే."

"ఉంటే నేను డైరెక్టర్నే!"

"డైరెక్టరైతే ఉత్తర్వు చెల్లుతుంది సార్. చెల్లితే మంగళవారం లేదు."

రంగరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చోబోయి, కూర్చోవచ్చో లేదో తెలియక ఆగిపోయాడు. వెంకటాచలం 'ఇది సంఘం పరిధిలోకి రాదు' అని గొణిగి చేతికర్ర వెతుక్కున్నాడు. సభ్యులిద్దరికీ ఎటు తలూపాలో తెలియలేదు.

ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేశారు. అక్కడివాళ్ళు అరగంట విని, రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుని, పుస్తకం తిరగేసి జవాబు చెప్పారు. 'అధిపతి స్థానము సందిగ్ధమునందున్నప్పుడు, ఎట్టి మెమోయు పెండింగులో లేని సీనియర్ శాస్త్రవేత్త తాత్కాలికముగా ఇన్‌చార్జి బాధ్యతలు స్వీకరించవలెను.'

సంస్థలో ఆరుగురు సీనియర్ శాస్త్రవేత్తలున్నారు. అయిదుగురు ఆ మంగళవారం బుద్ధిగా ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టారు. అయిదుగురి మెమోలూ సంతకం కోసం పెండింగులోనే ఉన్నాయి. ఆరో మనిషి ఆ రోజు ఏ దేశమునందును, ఏ స్థలమునందును లేదు. ఆవిడ మీదున్న పాత మెమోలు నిన్నటి ఉత్తర్వుతో కొట్టుకుపోయాయి.

అందరూ పైడితల్లి వైపు తిరిగారు.

ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. బల్ల పక్కన నిలబడే, "విత్తనం ఫైలు తెండి," అంది.

లక్ష్మీపతి తెచ్చాడు. పేజీ తిప్పుతూ గొంతు తగ్గించి, "మేడమ్, నియమం ప్రకారం ఒక సందేహం. ప్రయోగాల మీద తమ సంతకం చెల్లుతుందా?" అన్నాడు.

"మంగళవారం లేకపోతే చెల్లుతుంది కదా?"

"చెల్లుతుంది."

"ఉందా, లేదా?"

"సందిగ్ధం మేడమ్."

"సందిగ్ధం వస్తే ఎవరు తేలుస్తారు?"

"ఇన్‌చార్జి."

"ఇన్‌చార్జి ఎవరండీ?"

లక్ష్మీపతి ఒక్క నిమిషం ఆలోచించాడు. పెన్ను మూత తీసి ఆవిడ చేతికిచ్చాడు. సంతకం ఆరకముందే ముద్ర తెచ్చి తనే వేశాడు. ఆయన సర్వీసులో ఒక ఫైలు తన దగ్గర ఆగకుండా వెళ్ళడం అదే మొదలు. ఆయనక్కూడా అది బాగానే ఉన్నట్టుంది.

మూడింటికి గోదాము తలుపులు తీశారు. డైరెక్టరో కాదో తెలియని రంగరాజు, ఏం చెయ్యాలో తోచక, చొక్కా చేతులు మడిచి తనూ నాలుగు బస్తాలు మోశాడు. పైడితల్లి సోములుకు ఫోన్ చేసి, "బయల్దేరింది తాతా" అని మాత్రం అంది. అవతల ఎవరో కేకేయడం, కుక్కలు మొరగడం, ఒకేసారి పదిమంది మాట్లాడటం వినిపించాయి.

మర్నాటి నుంచి రంగరాజు ఆవిడ గది బయట బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. మూడో రోజు లోపలికి వచ్చాడు. ఇస్త్రీ మడత నలిగింది. "అమ్మా, ఆ మంగళవారం నాకు ఇచ్చేయగలరా?" అన్నాడు, ఉపన్యాసం లేకుండా.

"ఇస్తాను సార్. విత్తనం నేలలో పడనివ్వండి."

ఆదివారం సాయంత్రం సోములు కబురు చేశాడు, అన్ని ఊళ్ళలోనూ చల్లడం అయిపోయిందని. చల్లిన గింజను వెనక్కి తెమ్మనే నియమం ఏ పుస్తకంలోనూ లేదు. సోమవారం పొద్దున్న పైడితల్లి ఇన్‌చార్జిగా తన ఆఖరి ఉత్తర్వు చేత్తోనే రాసింది.

'ఏప్రిల్ నెలలోని ఆ మంగళవారం అందరికీ ఎప్పటిలాగే ఉన్నట్టు పరిగణించవలెను. ఆ రోజు దగ్గరకు నేను వెళ్ళలేదు. అదీ నా దగ్గరకు రాలేదు. ఇందులో మాకిద్దరికీ ఒకరి మీద ఒకరికి ఫిర్యాదు లేదు.'

అరవై రెండు మెమోలు పోయాయి. దొంగ మళ్ళీ దొంగ అయ్యాడు. అప్పలనర్సమ్మ లీవు మళ్ళీ ఖర్చయింది, ఆవిడ వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. రంగరాజు చార్జి మళ్ళీ తీసుకున్నాడు, ఈసారి శుక్రవారం చూసుకుని. పైడితల్లి సర్వీసు తెగిన సంగతి తేల్చమని అడిగితే, ప్రధాన కార్యాలయం మూడు రోజుల్లోనే జవాబిచ్చింది. దాని చరిత్రలో అంత త్వరగా ఏ జవాబూ వచ్చి ఉండదు. 'సర్వీసు నిరంతరము. ఇకపై ఈ విషయమై ఎవ్వరును ఎట్టి ఉత్తరప్రత్యుత్తరములును జరుపరాదు. ప్రత్యేకించి వివరించరాదు.'

జూలై నెలాఖరులో పైడితల్లి పంట చూడటానికి కొండకు బయల్దేరింది. తనిఖీ ఫారం నింపాలి గనక లక్ష్మీపతి కూడా వచ్చాడు. జీపు కొండ కిందే ఆగిపోయింది. అక్కణ్ణించి కాలిబాట. ఎదురొచ్చిన సోములును లక్ష్మీపతి ఫారం తెరిచి అడిగాడు. "ఇక్కడి నుంచి మీ ఊరు ఎంత దూరమయ్యా?"

"రెండు సుట్టలు, బావూ."

"అంటే?"

"ఇక్కడ ఒకటి ముట్టించితే ఆ మలుపు కాడ అయిపోద్ది. అక్కడ రెండోది ముట్టించితే ఊళ్ళో అయిపోద్ది."

లక్ష్మీపతి పైడితల్లి వైపు చూశాడు. ఆవిడ కొండ వైపు చూస్తోంది. మొన్నటి వేసవి తర్వాత ఆయనలో ఏదో కొంచెం వదులైంది. దూరం గడిలో 'రెండు చుట్టలు' అని రాసి, సోములు చేత వేలిముద్ర వేయించి, కింద తను సంతకం పెట్టాడు.

ఫారం ప్రధాన కార్యాలయానికి వెళ్ళింది. మైనస్ లేదు, రేఖ లేదు, పటం అంచు లేదు. పైగా స్థానికుడి వేలిముద్ర ఉంది. ఒక్క ప్రశ్న మాత్రం వేసి తిప్పి పంపారు. 'చుట్ట యొక్క ప్రామాణికమైన పొడవు ఎంత? ఒక నమూనా జతపరచవలెను.'

ఆ కాగితం పట్టుకుని పైడితల్లి మళ్ళీ కొండెక్కింది. చోడి నడుమెత్తు లేచి, వెన్నులు వేసి గాలికి ఊగుతోంది, ఎక్కడా పడుకోలేదు. గట్టు మీద కూర్చున్న సోములుకు కాగితంలో ఉన్నది చదివి వినిపించింది. సోములు సాంతం విన్నాడు. చెవి వెనక నుంచి చుట్ట తీసి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు.

"కొలుసుకోమనమ్మా," అన్నాడు పొగ వదులుతూ. "ఇది ఆరిపోకముందే రమ్మను."